మంజూరైన కోట్లు కంప్యూటర్ గది దాకా ఎందుకు రావు? టీచర్ శిక్షణ సంస్థల నిధులు, లెక్కలు

మీ ప్రశ్న ఇది. మీ అమ్మాయి హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో డీఎల్‌ఎడ్ (ప్రాథమిక టీచర్ డిప్లొమా) రెండో ఏడాది చదువుతోంది. కంప్యూటర్ గదికి తాళం వేసి ఉంటుంది. పాఠాలు చెప్పేవాళ్లలో సగం మంది డిప్యూటేషన్ మీద వచ్చినవాళ్లే. అడిగితే ‘ఫండ్స్ రాలేదు’ అంటున్నారు. మీరేమో పేపర్లో కోట్లు మంజూరు అని చదివారు. ఆ డబ్బు ఎటు పోయింది, లెక్క అడిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

నేను విద్యాశాఖ అకౌంట్స్ సెక్షన్లలో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. అందులో ఆరేళ్లు అచ్చంగా ఒక శిక్షణ సంస్థలోనే, సూపరింటెండెంటుగా. అంటే మీరు కౌంటర్ బయట నిలబడి అడుగుతున్న ప్రశ్నకి, లోపల కూర్చుని బిల్లులు రాసినవాడు జవాబు చెబుతున్నాడనుకోండి.

‘ఎవరో తినేశారు’ అనేది మన నోటికి వచ్చే మొదటి జవాబు. తినేవాళ్లు లేరని నేననను. కానీ ఈ సంస్థల్లో జీతాలు పోగా మిగిలేదే కొంచెం. అది వేళకు రాదు. వచ్చాక పదిహేను రోజుల్లో ఖర్చు చూపించమంటారు. ఆ హడావుడిలో కాగితం తయారవుతుంది, పని తయారవదు. ఆడిట్ చూసేది ఆ కాగితాన్నే. అందుకే దొంగ దొరకడు, గది తెరుచుకోదు.

ముందు పేపరు వార్త సంగతి చూద్దాం. మంజూరు వేరు, విడుదల వేరు, సంస్థకు చేరడం వేరు, ఖర్చవడం వేరు. హెడ్డింగులో వచ్చేది దాదాపు ఎప్పుడూ మొదటిదే. ఢిల్లీలో ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు అని ఉంటుంది, మేం ప్యాబ్ అంటాం. ఏటా ఒక్కో రాష్ట్రంతో కూర్చుని ఆ ఏడాది వార్షిక ప్రణాళికను ఆమోదిస్తుంది. ఆ మినిట్స్ ఎవరైనా చదువుకోవచ్చు, నెట్‌లోనే పెడతారు. అందులో ఉన్న అంకె ఖర్చు పెట్టుకోవడానికి అనుమతి మాత్రమే, చెక్కు కాదు. మీరు చదివింది బహుశా 2023-24 కేంద్ర బడ్జెట్ తర్వాత మొదలైన పథకం గురించి అయి ఉంటుంది. దేశంలో పనిచేస్తున్న 613 డైట్‌లను, అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థలను, ఒక్కోదానికి 15 కోట్ల దాకా ఇచ్చి విడతలవారీగా బాగుచేస్తామన్నారు. ‘విడతలవారీగా’ అన్న మాట వార్తలో ఏ నాలుగో పేరాలోనో ఉంటుంది. మన డైట్ ఏ విడతలో ఉందన్నది అసలు ఉండదు.

ఈ సంస్థలకు డబ్బు రెండు జేబుల్లోంచి వస్తుంది. ఇది తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు, అందుకని కొంచెం వెనక్కి వెళ్తాను. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత 1987లో కేంద్రం ఉపాధ్యాయ విద్యకు ఒక ప్రాయోజిత పథకం పెట్టింది. జిల్లాకొక డైట్ అన్న ఆలోచన అప్పటిదే. అప్పటికే ఉన్న పాత టీచర్ ట్రైనింగ్ స్కూళ్లలో చాలావాటికి బోర్డు మార్చి, పోస్టులు పెంచి డైట్‌లు చేశారు. వాటి పైన సీటీఈలు (టీచర్ ఎడ్యుకేషన్ కాలేజీలు), ఐఏఎస్‌ఈలు (ఉన్నత విద్యాధ్యయన సంస్థలు) వచ్చాయి. తెలంగాణలో పాత 10 జిల్లాల లెక్కన 10 డైట్‌లు. జిల్లాలు 33 అయినా శిక్షణ మాత్రం ఆ పది మీదే నడుస్తూ వచ్చింది. హైదరాబాద్‌ది నేరేడ్‌మెట్‌లో, రంగారెడ్డిది వికారాబాద్‌లో ఉన్నాయి. ఐఏఎస్‌ఈలు మాసబ్‌ట్యాంక్‌లో ఒకటి, ఉస్మానియా యూనివర్సిటీలో ఒకటి. అందరికీ సిలబస్, మాడ్యూళ్లు తయారుచేసి ఇచ్చేది బషీర్‌బాగ్‌లోని ఎస్‌సీఈఆర్‌టీ, అంటే రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి.

మొదటి జేబు రాష్ట్ర ఖజానా. జీతాలు, కరెంటు బిల్లు, స్టేషనరీ, చిన్నచిన్న రిపేర్లు ఇందులోంచే. బడ్జెట్ పుస్తకాల్లో 2202 సాధారణ విద్య కింద చూడండి. ప్రాథమిక విద్యలో ‘టీచర్ల శిక్షణ’ 107 మైనర్ హెడ్ (ఉపపద్దు), సెకండరీలో 105. దాని కింద 010 అంటే జీతాలు, 130 అంటే ఆఫీసు ఖర్చులు. ఇది గుర్తుపెట్టుకుంటే బడ్జెట్ పుస్తకాన్ని మీరే తిరగేయగలరు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. 010 ఎదురుగా ఉన్న అంకెనీ 130 ఎదురుగా ఉన్న అంకెనీ పక్కపక్కన చూశారంటే ‘ఫండ్స్ రాలేదు’ అన్న ప్రిన్సిపాల్ మీద కొంచెం జాలి కూడా కలుగుతుంది.

రెండో జేబు సమగ్ర శిక్ష. 2018-19లో సర్వశిక్షా అభియాన్, ఆర్‌ఎంఎస్‌ఏ (హైస్కూళ్ల పథకం), ఉపాధ్యాయ విద్య పథకం, మూడూ కలిపి ఒకటే చేశారు. ఉపాధ్యాయ విద్య పథకంలో 2012లో 75:25గా ఉన్న కేంద్ర, రాష్ట్ర వాటాలు తర్వాత 60:40 అయ్యాయి, ఇప్పటికీ తెలంగాణకు అదే. కొత్త పరికరాలు, సర్వీసులో ఉన్న టీచర్ల శిక్షణ, కార్యక్రమాలు, కొన్ని భవన పనులు ఇందులోంచి వస్తాయి. 2021-22 నుంచి 2025-26 దాకా సమగ్ర శిక్ష మొత్తం అంచనా 2,94,283 కోట్లు. వినడానికి సముద్రంలా ఉంటుంది గానీ, అందులో బడులు, బడి భవనాలు, కేజీబీవీలు (కస్తూర్బా బాలికా విద్యాలయాలు), పాఠ్యపుస్తకాలు, యూనిఫాంలు అన్నీ పోగా శిక్షణ సంస్థల చెంబులో పడేది ఎంతో మీరే ఊహించుకోండి. మూడు పథకాలు కలిపినప్పుడు నాకు అనిపించింది ఒకటే: విడిగా ఉన్నప్పుడు కనీసం మా పేరు మీద ఒక ఫైలు ఉండేది.

ఇక ఈ రెండో జేబు డబ్బు వచ్చే దారి. 2021 జులై 1 నుంచి కేంద్ర పథకాలకు సింగిల్ నోడల్ ఏజెన్సీ పద్ధతి వచ్చింది, ఎస్‌ఎన్‌ఏ అంటారు. అంతకుముందు ప్రతి సంస్థకూ సొంత బ్యాంకు ఖాతా, అందులో డబ్బు, దాని మీద వడ్డీ. ఆ డబ్బు నెలల తరబడి పడుకునేది. ఇప్పుడు రాష్ట్రానికి ఈ పథకానికి ఒకటే ఖాతా. కింది సంస్థలకు ‘లిమిట్’ ఇస్తారు, అంటే ఇంతదాకా ఖర్చు పెట్టుకోవచ్చని, ఖాతాలో పైసా ఉండదు. బిల్లు ఆన్‌లైన్‌లో పెడితే ఆ పెద్ద ఖాతాలోంచి నేరుగా అమ్మినవాడికి పోతుంది. పీఎఫ్‌ఎంఎస్ అనే కేంద్ర ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలో ప్రతి కదలికా కనిపిస్తుంది. డబ్బు పక్కదారి పట్టడం దీనివల్ల నిజంగానే తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ దీంతోపాటు ఒక షరతు వచ్చింది. కేంద్రం తన వాటాలో ఒక్కసారికి 25 శాతానికి మించి వదలదు. రాష్ట్రం తన వాటా ఆ ఖాతాలో జమచేసి, ముందు వచ్చినదాంట్లో కనీసం 75 శాతం ఖర్చు చూపిస్తేనే తర్వాతి విడత. ఈ 75 శాతం మీ అమ్మాయి సంస్థది కాదు, రాష్ట్రంలో ఆ పథకం మొత్తానిది. మీ డైట్ ఆగస్టులోనే అణా పైసలతో ఖర్చు పెట్టి కూర్చున్నా, ఇంకెక్కడో పెద్ద పనులు ఆగితే అందరూ ఆగాల్సిందే. వెనక బోగీకి బ్రేకు పడితే ఇంజను ఏం చేస్తుంది? కేంద్రం ఇచ్చిన వాటాను రాష్ట్రం 30 రోజుల్లో ఎస్‌ఎన్‌ఏ ఖాతాకి మార్చకపోతే ఏడాదికి 7 శాతం వడ్డీ కట్టాలని 2023 ఏప్రిల్ నుంచి నిబంధన కూడా ఉంది. నిబంధన ఢిల్లీకీ రాష్ట్ర ఆర్థిక శాఖకీ మధ్య. మధ్యలో తాళం వేసిన గది ముందు నిలబడ్డ పిల్లకి ఆ వడ్డీలో వాటా రాదు.

రాష్ట్ర ఖజానా డబ్బుది ఇంకో కథ. జిల్లాల్లో బిల్లులు ట్రెజరీకి పోతాయి, హైదరాబాద్‌లో మాత్రం పే అండ్ అకౌంట్స్ ఆఫీసు (పీఏవో)కి. బిల్లు పెడితే టోకెన్ నంబరు వస్తుంది. తప్పుంటే అబ్జెక్షన్ మెమోతో తిరిగొస్తుంది. పాసైనా డబ్బు ఆ రోజే పడుతుందని కాదు, క్యూ ఉంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. మాకు పూజారులు ముగ్గురు నలుగురు ఉంటారు. మార్చి నెలలో పీఏవో మెట్ల మీద అన్ని శాఖల గుమాస్తాలూ కలుస్తారు, అది ఒక జాతర. కేంద్ర ఆర్థిక నియమాల్లో, అంటే 2017 జీఎఫ్‌ఆర్‌లో, ఏడాది చివరి నెలల్లో ఖర్చు ఎగబడటం ఆర్థిక మర్యాదకు విరుద్ధమని స్పష్టంగా రాసుంది. డబ్బు ఫిబ్రవరిలో పంపేవాళ్లకూ ఆ వాక్యం చదివి వినిపించాలని నాకు ఎప్పుడూ ఉండేది.

ఇప్పుడు మీ తాళం వేసిన గదికి వస్తాను. మీ సంస్థలో ఏం జరిగిందో నేను చెప్పలేను. నేను పనిచేసిన చోట ఏం జరిగిందో చెబుతాను.

ఒక ఏడాది ఫిబ్రవరి ఆఖరులో కంప్యూటర్ ల్యాబ్‌కి డబ్బొచ్చింది. 20 కంప్యూటర్లు, ఒక యూపీఎస్, టేబుళ్లు. మూడు కొటేషన్లు, కొనుగోలు కమిటీ తీర్మానం, సరుకు దిగడం, స్టాక్ రిజిస్టర్‌లో ఎంట్రీ, బిల్లు, అన్నీ మార్చి 28 లోపు. నేనే దగ్గరుండి చేయించాను, గర్వంగా కూడా ఉండేది. ఏప్రిల్‌లో స్విచ్ వేశాం. పదో కంప్యూటర్ ఆన్ చేయగానే బిల్డింగ్ మొత్తం కరెంటు పోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, ‘సార్, ఇది పాత ట్రైనింగ్ స్కూల్‌కి ఇచ్చిన కనెక్షన్. లోడు పెంచాలి, గదికి విడిగా వైరింగ్ లాగాలి’ అన్నాడు. లోడు పెంచడానికి కరెంటు ఆఫీసులో డబ్బు కట్టాలి. పథకం ఉత్తర్వులో ఉన్నది ‘పరికరాలు’ అన్న మాట. కరెంటు లోడు పరికరం కాదు. అది రాష్ట్ర బడ్జెట్‌లోంచి, ఆఫీసు ఖర్చుల్లోంచి కట్టాలి. అక్కడ ఆ ఏడాదికి మిగిలింది టెలిఫోన్ బిల్లుకి కూడా చాలదు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టయింది మా పని.

అదనపు బడ్జెట్ కావాలని ఉత్తరం రాశాం. రిమైండర్ రాశాం. మళ్లీ రాశాం. లోడు పెరిగేసరికి 14 నెలలు. ఆ రోజు యూపీఎస్ మూత తీస్తే బ్యాటరీలు పక్కలకి ఉబ్బి, ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉన్నాయి, టెర్మినళ్ల మీద తెల్లటి పొడి. వారంటీ 12 నెలలు. మళ్లీ బ్యాటరీలు పరికరాలా, వినియోగ వస్తువులా అని ఇంకో ఫైలు. రెండు బ్యాచ్‌ల పిల్లలు ఆ గదిని కిటికీలోంచి చూసి వెళ్లిపోయారు.

ఈలోగా లెక్క మాటేమిటంటారా? ఏప్రిల్ మొదటి వారంలోనే యూటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ) పంపేశాం. మంజూరైంది ఇంత, ఖర్చయింది ఇంత, మిగులు సున్నా, ఏ ప్రయోజనానికి ఇచ్చారో దానికే వినియోగించడమైనది. డ్రాఫ్ట్ రాసింది నేనే. తర్వాత ఆడిట్ పార్టీ దిగింది. రిజిస్టర్‌లో 20, గదిలో 20, సీరియల్ నంబర్లు సరిపోయాయి. ఎర్ర సిరాతో టిక్కులు పెట్టారు. ఒక్క పేరా, అంటే రాతలో అభ్యంతరం, పడలేదు. నా సర్వీసులో అంత శుభ్రంగా ఆడిట్ అయిన కొనుగోలు మరొకటి లేదు, అంత దండగైన కొనుగోలూ మరొకటి లేదు.

యూసీ అంటే ఖర్చయిందని చెప్పే కాగితం, పనైందని చెప్పేది కాదు. ఆ ఫారంలో సాధించిన ఫలితాల గురించి రాయడానికి జాగా ఉంటుంది. అక్కడ అందరూ రాసేది ‘కొనుగోలు చేయడమైనది’ అనే. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు యూసీ ఇవ్వాలి, ఇవ్వకపోతే తర్వాతి గ్రాంటుకి గండి. కాబట్టి సంస్థ భయపడేది యూసీ ఆలస్యమవుతుందనే తప్ప గది తెరుచుకోలేదని కాదు.

కాపలా లేదా అంటే చాలా ఉంది. మొదటి కాపలా ప్రిన్సిపాలే. ఆయన డీడీవో, అంటే డబ్బు డ్రా చేసి పంచే అధికారి. క్యాష్‌బుక్‌లో రోజూ సంతకం పెట్టాల్సింది ఆయన, తేడా వస్తే జేబులోంచి కట్టాల్సిందీ ఆయన. పాపం చాలామంది పెడగాజీ చదువుకుని వచ్చినవాళ్లు, ఏసీ బిల్లు, డీసీ బిల్లు తేడా కుర్చీలో కూర్చున్నాకే తెలుస్తుంది. అడ్వాన్సుగా డ్రా చేస్తే ఏసీ, ఓచర్లతో దాన్ని సర్దితే డీసీ. సర్దకపోతే ఆ అడ్వాన్సు ఆయన పేరు మీదే రిటైర్మెంట్ దాకా వేలాడుతుంది. రెండో కాపలా పీఏవో లేదా ట్రెజరీ, బిల్లు ముందు చూస్తారు. మూడోది శాఖలోని ఇంటర్నల్ ఆడిట్, సమగ్ర శిక్ష డబ్బుకి చార్టర్డ్ అకౌంటెంట్ల ఆడిట్. నాలుగోది సైఫాబాద్‌లోని అకౌంటెంట్ జనరల్ (ఏజీ) ఆఫీసు, అంటే కాగ్ తరఫున.

ఏజీ ఆడిట్‌కి అధికారం ఎక్కడిదంటే, కాగ్ విధులు, అధికారాల చట్టం, 1971. సెక్షన్ 13 కింద ప్రభుత్వ ఖజానా ఖర్చు ఏదైనా చూడొచ్చు, కాబట్టి ప్రభుత్వ డైట్ నేరుగా వస్తుంది. సొసైటీగానో ట్రస్టుగానో నడిచే సంస్థ అయితే సెక్షన్ 14. ఏడాదిలో గ్రాంటు కనీసం 25 లక్షలు ఉండి, మొత్తం ఖర్చులో అది 75 శాతానికి తగ్గకుండా ఉంటే దాని లెక్కలు కూడా కాగ్ పరిధిలోకి వస్తాయి. వాళ్లు వచ్చి వెళ్లాక ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ పంపుతారు. దానికి సంస్థ రిప్లై పెడుతుంది. తృప్తిపడితే పేరా డ్రాప్, లేకపోతే ఏళ్ల తరబడి పెండింగ్. ముఖ్యమైనవి కాగ్ రిపోర్ట్‌లోకి ఎక్కి, రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం గవర్నర్ ద్వారా శాసనసభ ముందుకొస్తాయి, అక్కణ్నుంచి ప్రజాపద్దుల కమిటీకి. ఒక్క డైట్‌లో ఉబ్బిపోయిన బ్యాటరీ అంత దూరం ప్రయాణించిందని నేనెప్పుడూ వినలేదు.

మరి వాళ్లు పట్టుకునేదేమిటి? ఒకసారి 50 మంది టీచర్లకి ఐదు రోజుల శిక్షణ పెట్టాం. భోజనాల బిల్లు రోజుకి 56 ప్లేట్లు. ప్లేటు 60 రూపాయలు. ఆడిట్‌లో అబ్జెక్షన్: హాజరు పట్టీలో సంతకాలు 50, ప్లేట్లు 56, కాబట్టి ఐదు రోజులకి 30 ప్లేట్లు అదనం, 1,800 రూపాయలు రికవరీ చేయాలి. ఆ ఆరుగురు ఎవరంటే నలుగురు రిసోర్స్ పర్సన్లు, ఒక డ్రైవరు, ఒక అటెండరు. వాళ్లకి వేరే పట్టీ పెట్టడం మర్చిపోయాం, తప్పు మాదే. ఆ 1,800 మీద మూడేళ్లు ఉత్తరాలు నడిచాయి. కవర్లు, స్టాంపులు, ప్రింట్లు లెక్కేస్తే ప్లేట్ల ఖర్చు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అదే శిక్షణలో మూడో రోజు గణితం చెప్పాల్సినాయన రాలేదు. ఆ రోజంతా టీచర్లు గ్రూపులుగా కూర్చుని చార్టుల మీద ఏదో రాశారు, సాయంత్రం టీ తాగి వెళ్లారు. కాగితం మీద ఐదు రోజులూ శిక్షణ జరిగింది, సంతకాలున్నాయి. ఆడిటర్ని నేను తప్పుపట్టను. ఆయనకి ఇచ్చిన పని ఓచర్ చూడమని, చార్టు చూడమని కాదు.

ఇంకో పెద్ద నష్టం ఏ ఆడిట్‌కీ దొరకదు, ఎందుకంటే అక్కడ ఖర్చే ఉండదు. ఖాళీ పోస్టు. మీ అమ్మాయికి డిప్యూటేషన్ లెక్చరర్లు ఎందుకు చెబుతున్నారంటే, డైట్ లెక్చరర్ పోస్టులు ఏళ్లుగా నిండలేదు. ప్రభుత్వ, పంచాయతీరాజ్ టీచర్లకి ఒకే సర్వీస్ రూల్స్ అనే గొడవ కోర్టుల్లో నలిగి, ప్రమోషన్లు ఆగి, నేరుగా నియామకాలూ జరక్క, బడుల్లో పనిచేసే స్కూల్ అసిస్టెంట్లని తెచ్చి సర్దారు. ఆ టీచర్ని తెచ్చిన బడిలో మళ్లీ ఖాళీ. ఖర్చు పెట్టని జీతాల డబ్బు ఏడాది చివర సరెండర్ అవుతుంది, అంటే ప్రభుత్వానికి వెనక్కి పోతుంది. లెక్కల పుస్తకంలో అది ‘మిగులు’. ప్రభుత్వానికి మిగిలింది, మీ అమ్మాయికి సైకాలజీ చెప్పేవాళ్లు లేరు. నన్నడిగితే కంప్యూటర్ల కంటే ముందు అడగాల్సింది ఈ లెక్కే.

ప్రైవేటు బీఎడ్, డీఎల్‌ఎడ్ కాలేజీల గురించి మీరు అడగలేదు, కానీ ప్రజల డబ్బు అక్కడికీ పోతుంది కాబట్టి రెండు మాటలు. గ్రాంటు రాదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది, అదీ బకాయిలతో. బీఎడ్ ఫీజు నిర్ణయించేది టీఏఎఫ్‌ఆర్‌సీ అనే రాష్ట్ర ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ, మూడేళ్ల బ్లాక్‌కి ఒకసారి, కాలేజీ ఇచ్చిన ఆడిటెడ్ లెక్కలు చూసి. గుర్తింపు ఇచ్చేది ఎన్‌సీటీఈ, అంటే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి. 2014 నిబంధనల ప్రకారం 5 లక్షల ఎండోమెంట్ ఫండ్, 7 లక్షల రిజర్వ్ ఫండ్ డిపాజిట్ చేయాలి. ఈ 12 లక్షలు చూపించడం వరకు కాలేజీలు బహు శ్రద్ధగా ఉంటాయి. రోజూ హాజరు లేకుండా ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే కాలేజీల గురించి హైదరాబాద్ చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు, దాని మీద నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ప్రభుత్వ డబ్బుతో గణనీయంగా నడిచే విద్యాసంస్థలు ఎన్జీవో అయినా సమాచార హక్కు కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 2019లో డీఏవీ కాలేజీ ట్రస్ట్ కేసులో చెప్పింది, ఆ ఒక్కటి గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీరు చేయగలిగింది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేయండి, కానీ ‘నిధులు ఎందుకు రాలేదు’, ‘ల్యాబ్ ఎందుకు తెరవలేదు’ అని రాయొద్దు. చట్టం ఇచ్చేది వాళ్ల దగ్గర ఉన్న రికార్డు మాత్రమే, సంజాయిషీ కాదు. ‘ఎందుకు’ అని రాస్తే ‘మీరు కోరినది సమాచారం నిర్వచనంలోకి రాదు’ అని ఒక్క వాక్యంతో చేతులు దులుపుకుంటారు. అలాంటి జవాబులు నేనూ డ్రాఫ్ట్ చేశాను, కాబట్టి నమ్మండి. ప్రతి వాక్యం ‘నకలు ఇవ్వగలరు’ అని ముగియాలి.

ఏ నకళ్లు అంటే, గత రెండు ఆర్థిక సంవత్సరాలకి పద్దులవారీగా వచ్చిన బడ్జెట్, ఖర్చు, సరెండర్ చేసిన మొత్తం చూపే స్టేట్‌మెంట్. సమగ్ర శిక్ష నుంచి లిమిట్ ఇస్తూ వచ్చిన ప్రొసీడింగ్స్, అందులో తేదీ ముఖ్యం, అది ఫిబ్రవరి అయితే మీకు సగం కథ అక్కడే తెలిసిపోతుంది. మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవాళ్లు, ఖాళీల పట్టిక. ఏజీ ఆఖరి ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్, దానికి పెట్టిన రిప్లై. అన్నిటికంటే ముఖ్యంగా, నాన్ కన్స్యూమబుల్ (వాడితే అయిపోని వస్తువుల) స్టాక్ రిజిస్టర్‌లో కంప్యూటర్ల పేజీ, చివరి భౌతిక తనిఖీ నివేదిక. యూసీ అడక్కండి, అది అందంగానే ఉంటుంది. స్టాక్ రిజిస్టర్‌లో కొన్న తేదీకి ఎదురుగా ‘ఇష్యూ’ కాలమ్ ఖాళీగా ఉంటే, ఆ ఖాళీ మీకు యూసీ కంటే ఎక్కువ చెబుతుంది.

జిల్లా స్థాయి ఆఫీసుకి ఫీజు 10 రూపాయలు, పేజీకి 2. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆ నకలు జతచేయండి, ఫీజు అక్కర్లేదు. కాగితాలు ఎక్కువైతే నకళ్లకి బదులు రికార్డు పరిశీలన అడగండి, సెక్షన్ 2(జె) కింద మీ హక్కు అది. వెళ్లి కూర్చుని, కావాల్సిన పేజీలకే డబ్బు కట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాత ఇచ్చే సమాచారం ఉచితం. ఆ 30 రోజులు దాటాక మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లో మోజంజాహీ మార్కెట్ దగ్గరున్న సమాచార కమిషన్‌కి. కమిషన్ దాకా వెళ్తే ఓపిక కావాలి, కాబట్టి మొదటి దరఖాస్తే గట్టిగా రాయండి. అడక్కుండానే ప్రకటించాల్సిన 17 అంశాలు సెక్షన్ 4(1)(బి)లో ఉన్నాయి, వాటిలో బడ్జెట్, ఖర్చుల వివరం ఒకటి. అది సంస్థ నోటీసు బోర్డు మీద లేకపోతే దరఖాస్తులో మొదటి వాక్యంగా ఆ మాటే రాయండి. లోపల కూర్చున్నవాడికి మీరు చట్టం చదివారని అర్థమవుతుంది, జవాబు రాసే తీరు మారుతుంది.

అమ్మాయి పేరుతో వేయొద్దు. ప్రాక్టికల్ మార్కులు వాళ్ల చేతుల్లో ఉంటాయి. ఎవరూ ఏమీ చేయకపోవచ్చు, అయినా ఆ భయం పిల్లకెందుకు? మీ పేరుతో, లేకపోతే వేరే ఊళ్లో ఉన్న మీ బావమరిది పేరుతో వేయండి. పేరు, చిరునామా తప్ప దరఖాస్తుదారు సొంత వివరాలు గానీ, కారణం గానీ అడిగే హక్కు వాళ్లకి లేదు.

మార్చిలో మాత్రం వేయొద్దు. బిల్లుల కట్ట కింద పడి మీ కాగితం ఏప్రిల్ పదో తారీకు దాకా పైకి రాదు. ఏప్రిల్ మూడో వారంలో వేస్తే సంవత్సరం లెక్కలు కట్టేసి ఉంటారు, ‘ఇంకా సరిచూస్తున్నాం’ అనే సాకు ఉండదు. ఇంకొక్క నకలు, నేను ఇందాక మర్చిపోయాను: కంప్యూటర్ గది ఛార్జ్ లిస్ట్. ఆ గది వస్తువులు ఎవరు ఎవరికి, ఏ తేదీన అప్పగించారో అందులో సంతకాలుంటాయి. తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా ఉంటుంది.